ఓడ పుట్టకముందే చేసిన దొంగతనం

ఉప్పల్ నుంచి హబ్సిగూడ వెళ్ళే రోడ్డు మీద మనలో చాలామంది తిరుగుతూనే ఉంటాం. నాచారంలో ఇల్లు, ఉప్పల్ లోనో పోచారంలోనో ఆఫీసు ఉన్నవాళ్ళకి ఆ రోడ్డంటే సిగ్నళ్ళు, మెట్రో స్తంభాలు, మ్యాచ్ ఉన్న రోజు స్టేడియం దగ్గర జనం, అంతే. అదే రోడ్డు వెంట సర్వే ఆఫ్ ఇండియా ఆవరణ ఉంది. సర్వేయర్లకి శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ ఉన్నది మన ఉప్పల్ లోనే. ఇంకాస్త ముందుకెళ్తే ఎన్.జి.ఆర్.ఐ. భూమిని పైనుంచి కొలిచేవాళ్ళూ, లోపలికి తొంగిచూసేవాళ్ళూ ఇరుగుపొరుగన్నమాట.

ఈ సర్వే వాళ్ళ చరిత్రలో ఒక ఓడ కథ ఉంది. చాలా బాగుంటుంది. యుద్ధం, సముద్రం, దొంగతనం, చివర్లో శత్రువు పెద్దమనసు, అన్నీ ఉంటాయి. ఒక్కటే చిక్కు. తేదీలు కుదరవు. నేను చరిత్రకారుణ్ణి కాను, కోడు రాసుకునేవాణ్ణి. కానీ రెండు సర్వర్ల లాగులు పక్కపక్కన పెట్టి, ఏది ముందు జరిగింది, ఏది తరవాత జరిగింది అని చూడ్డం మన రోజువారీ పనే కదా. ఇక్కడ చెయ్యాల్సిందీ అదే.

ముందు కథ చెప్తాను.

టిప్పు సుల్తాను మీద 1799 లో జరిగిన శ్రీరంగపట్నం యుద్ధంలో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి ఉన్నాడు. యుద్ధం అయ్యాక, దక్షిణదేశాన్ని ఈ తీరం నుంచి ఆ తీరం దాకా త్రిభుజాలతో కొలుస్తానని ప్రతిపాదన పెట్టాడు. 1802 ఏప్రిల్ లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ళ గీత ఒకటి గొలుసుతో కొలిచి పని మొదలెట్టాడు. ఆ తరవాత గొలుసుతో పెద్దగా పనుండదు. ఒక భుజమూ రెండు కోణాలూ తెలిస్తే మిగతా రెండు భుజాలూ లెక్క కట్టుకోవచ్చు. ఇంటర్లో మనం బట్టీపట్టిన సైన్ రూలే. అలా ఒక త్రిభుజం భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద మరోటి కట్టుకుంటూ పోవడమే.

కోణాలు కొలవాలంటే థియొడొలైట్ కావాలి. లాంబ్టన్ కోసం లండన్లో విలియం కేరీ అనే పనివాడు ఒక పెద్దది తయారుచేశాడు. దాని అడ్డచక్రం వ్యాసం 36 అంగుళాలు. మొత్తం బరువు దాదాపు అర టన్ను. దాన్ని ఓడలో మద్రాసుకి పంపించారు.

కథలో మలుపు ఇక్కడే. ఆ ఓడని దారిలో 'పీమోంతేజ్' అనే ఫ్రెంచి యుద్ధనౌక పట్టుకుంది. థియొడొలైట్ ని మారిషస్ లో దింపారు (అప్పట్లో ఆ ద్వీపం ఫ్రెంచివాళ్ళది, ఈల్ ద ఫ్రాన్స్ అనేవారు). అక్కడి గవర్నరు దకాన్ దాన్ని చూసి, ఇది విజ్ఞానానికి పనికొచ్చే వస్తువు, దీన్ని ఉంచుకోవడం మర్యాద కాదని, ఒక గౌరవమైన ఉత్తరం జతచేసి మద్రాసు ప్రభుత్వానికి పంపించేశాడు. (ఆయన పేరుకీ మన దక్కనుకీ ఏ సంబంధమూ లేదు, ఇంటిపేరే అంత!)

క్లెమెంట్స్ మార్కమ్ 1871 లో వేసిన భారతదేశ సర్వేల చరిత్రలో ఈ కథ ఉంది. ఆ తరవాత వచ్చిన పుస్తకాల్లో, వ్యాసాల్లో, ఇప్పుడు అంతర్జాలంలో, లాంబ్టన్ పేరు వచ్చిన చోటల్లా ఇంచుమించు ఇవే మాటల్లో కనిపిస్తుంది.

ఇప్పుడు ఓడ జాతకం చూద్దాం.

పీమోంతేజ్ అంటే పీడ్‌మాంట్ ఆడపడుచు అనుకోవచ్చు. పీడ్‌మాంట్ ఇటలీలో ఒక ప్రాంతం, ఫ్రాన్స్ దాన్ని తనలో కలుపుకున్నది 1802 సెప్టెంబరు లో. ఓడని సాన్ మాలో రేవులో కట్టి నీళ్ళలోకి దింపింది 1804 లో. 40 ఫిరంగుల తరగతి నౌక. ఎప్రోన్ అనే కెప్టెన్ కింద అది మన సముద్రాలకి వచ్చేసరికి 1806 అయింది. ఆ ఏడాది జూన్ 21 న, చైనా నుంచి సరుకుతో లండన్ వెళ్తున్న 'వారెన్ హేస్టింగ్స్' అనే కంపెనీ ఓడని పట్టుకుంది.

లాంబ్టన్ వైపు లాగు చూడండి. 1802 లో మద్రాసు గీత. 1804 కల్లా త్రిభుజాలు బెంగుళూరు చేరాయి. అక్కడ ఇంకో గీత గొలుసుతో కొలిచారు, త్రిభుజాల లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి. మన భాషలో చెక్‌సమ్ అనుకోండి. మద్రాసు నుంచి అంత దూరం కోణాల మీద లాక్కొచ్చిన లెక్కకీ, అక్కడ నేల మీద కొలిచినదానికీ తేడా నాలుగంగుళాల లోపే.

అంటే, పెద్ద థియొడొలైట్ మద్రాసు, బెంగుళూరుల మధ్య కొండలెక్కి దిగుతున్న రోజుల్లో, దాన్ని సముద్రంలో దోచుకుందంటున్న ఓడ ఫ్రాన్స్ లో ఇంకా చెక్కదుంగల దశలో ఉంది. ఓడ హిందూ మహాసముద్రంలో అడుగుపెట్టేనాటికి పరికరం నాలుగేళ్ళుగా డ్యూటీలో ఉంది. పుట్టకముందే దొంగతనం చేసిన ఓడన్నమాట :)

సరే, ఓడ పేరొక్కటే తప్పేమో, మిగతా కథ నిజమేమో అనుకుందాం. గవర్నరు సంగతి చూడండి. దకాన్ ఆ ద్వీపానికి గవర్నరుగా వచ్చింది 1803 ఆగస్టు లో. లాంబ్టన్ పని మొదలైన ఏడాది తరవాత. కథలో పేరు పెట్టి చెప్పినవి రెండే రెండు ఫ్రెంచి పేర్లు. రెండూ ఆలస్యంగా వచ్చినవే.

మరి ఈ రెండు పేర్లే ఎందుకు వచ్చి చేరాయి? ఆ కాలంలో సముద్రం ఎలా ఉండేదో చూస్తే ఊహించడం కష్టం కాదు.

దకాన్ ని ఇటువైపు తీసుకొచ్చిన నౌకాదళానికి నాయకుడు లినోయి. 1804 సెప్టెంబరు 15 న అదే లినోయి మూడు యుద్ధనౌకలతో మన విశాఖపట్నం రేవు మీదకి వచ్చిపడ్డాడు. రేవులో 'సెంచూరియన్' అనే బ్రిటిష్ యుద్ధనౌక, రెండు కంపెనీ ఓడలు లంగరేసి ఉన్నాయి. ఒక కంపెనీ ఓడ లొంగిపోయింది, ఒకటి ఒడ్డుకి కొట్టుకుని ముక్కలైంది. సెంచూరియన్ మాత్రం దెబ్బలు తింటూనే నిలబడింది, లినోయి వెనక్కి వెళ్ళిపోయాడు. ఫ్రెంచి ఓడలంటే కోరమాండల్ తీరంలో భయం ఎలాంటిదో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఓడ బయల్దేరితే చేరుతుందన్న నమ్మకం లేదు.

ఆ భయానికి తరవాత రెండేళ్ళు మారుపేరు పీమోంతేజ్. వారెన్ హేస్టింగ్స్ లొంగిపోయాక కూడా దాని కెప్టెన్ని కత్తితో పొడిచారన్న సంగతి బ్రిటిష్ రాతల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది. చివరికి 1808 మార్చి లో సింహళం, కన్యాకుమారి దగ్గర సముద్రంలో 'సాన్ ఫియొరెంజో' అనే బ్రిటిష్ నౌక దీన్ని వెంటాడి, మూడు రోజుల పోరాటం తరవాత మార్చి 8 న పట్టుకుంది. బ్రిటిష్ కెప్టెన్ జార్జ్ నికొలస్ హార్డింజ్ ఆ రోజే చనిపోయాడు. ఆయనకి లండన్ సెయింట్ పాల్ చర్చిలో స్మారకం కట్టారు. ఆయన తమ్ముడు హెన్రీ హార్డింజ్ 1844 లో ఇండియాకి గవర్నర్ జనరల్ అయ్యాడు. ఇంత జరిగాక, హిందూ మహాసముద్రంలో ఫ్రెంచి ఓడ అనగానే కలకత్తాలో, లండన్లో జనం నోటికి వచ్చే పేరు ఏదై ఉంటుంది?

దకాన్ పేరూ అంతే. 1803 నుంచి 1810 దాకా ఆ ద్వీపానికి ఆయనే గవర్నరు. మారిషస్ ఫ్రెంచి గవర్నరు అంటే ఆయనే గుర్తొస్తాడు, ఆయన ముందున్న మాగలాన్ ఎవరికి గుర్తుంటాడు?

కాబట్టి నా అంచనా ఇది. అంచనా మాత్రమే, దీన్ని కోట్ చేసి ఇంకో కథ పుట్టించకండి. పరికరం దారిలో ఫ్రెంచివాళ్ళ చేతిలో పడి తిరిగొచ్చిందన్న మాట నిజమే అయితే, అది 1802 మార్చి లో కుదిరిన అమియాఁ సంధికి ముందు పట్టుబడి, సంధి తరవాతో, సంధి కుదురుతున్న రోజుల్లోనో వెనక్కి వచ్చి ఉండాలి. అప్పుడు దాన్ని పట్టింది వేరే ఓడ, వదిలింది వేరే గవర్నరు. లేదా పీమోంతేజ్ నిజంగానే ఏదో సర్వే పరికరాన్ని పట్టుకుని ఉంటే, అది లాంబ్టన్ మద్రాసులో మొదలెట్టిన థియొడొలైట్ కాదు, ఆ తరవాత బయల్దేరిన ఇంకేదో. తేదీలు ఈ రెంటికే ఒప్పుకుంటాయి. పుస్తకాల్లో ఉన్న కథకి ఒప్పుకోవు.

దకాన్ పెద్దమనసు గురించి ఇంకో మాట. ఇదే గవర్నరు దగ్గరకి 1803 డిసెంబరు లో మాథ్యూ ఫ్లిండర్స్ వచ్చాడు. ఆస్ట్రేలియా చుట్టూ ఓడలో తిరిగి తీరంలో చాలా భాగానికి పటం గీసినవాడు. విజ్ఞాన యాత్ర కాబట్టి ఇతన్ని ఆపొద్దని ఫ్రెంచి ప్రభుత్వమే ఇచ్చిన పాస్‌పోర్టు చేతిలో ఉంది. కానీ పాస్‌పోర్టులో రాసిన ఓడ పేరు 'ఇన్వెస్టిగేటర్'. అది పాడైపోతే ఆయన వచ్చింది 'కంబర్లాండ్' అనే చిన్న ఓడలో. దకాన్ ఒప్పుకోలేదు. ఆరున్నరేళ్ళు, 1810 జూన్ దాకా, ద్వీపంలోనే ఉంచేశాడు. లాగ్‌బుక్కు ఒకటి తిరిగివ్వలేదు కూడా. ఓడ పేరు ఒకటి తేడా వచ్చిందని ఒక శాస్త్రజ్ఞుణ్ణి ఆరేళ్ళు ఆపిన మనిషికి, శాస్త్రం మీద గౌరవంతో శత్రువు పరికరాన్ని ఉత్తరం రాసి మరీ పంపించినవాడన్న పేరు కూడా ఉంది. మనుషులు రెండు రకాలుగానూ ఉండొచ్చు, కాదనను. కానీ మొదటిదానికి తేదీలు, కాగితాలు, మనిషి అన్నీ ఉన్నాయి. రెండోదానికి తేదీయే అడ్డం.

పీమోంతేజ్ కథ పట్టుబడ్డంతో అయిపోలేదు. బ్రిటిష్ నౌకాదళం దాన్ని తనలో చేర్చుకుంది. పేరులో మధ్యన ఒక 'డి' పడి హెచ్.ఎం.యస్. పీడ్‌మాంతేజ్ అయింది. డేటాబేసులతో కుస్తీపట్టేవాళ్ళకి ఈ బాధ తెలుసు. ఒకే వస్తువు, రెండు టేబుళ్ళు, రెండు స్పెల్లింగులు, కలిపే కీ లేదు. ఫ్రెంచి జాబితాలో వెతికితే 1808 లో ఆగిపోతుంది. బ్రిటిష్ జాబితాలో వెతికితే 1808 లో ఆకాశం నుంచి ఊడిపడుతుంది. 'ఎప్పుడు కట్టారు' అన్న ఒక్క ప్రశ్న వేస్తే థియొడొలైట్ కథ అక్కడికక్కడే కూలిపోయేది. ఓడని రెండు సగాలుగా చూస్తే ఆ ప్రశ్న తట్టదు.

ఇంకో తమాషా. ఈ ఓడ మద్రాసుకి నిజంగానే వచ్చింది, కాకపోతే బ్రిటిష్ జెండాతో. 1810 మే లో 'కెరోలిన్', 'బారకూటా' అనే నౌకలతో కలిసి, మద్రాసు యూరోపియన్ రెజిమెంటు సైనికులని ఎక్కించుకుని తూర్పుకి బయల్దేరింది. ఆగస్టు 9 న జాజికాయలకి పేరుపడ్డ బండా ద్వీపాలని డచ్చివాళ్ళ దగ్గర్నుంచి లాక్కున్నారు. మద్రాసుకి వచ్చే పరికరాన్ని దోచుకుందని పేరుపడ్డ ఓడ, మద్రాసు రేవు నుంచే కంపెనీ వాళ్ళకి ద్వీపాలు గెలిచిపెట్టడానికి వెళ్ళింది! 1813 లో ఇంగ్లండ్లో దాన్ని విప్పేశారు. అంటే ఓడ బతికింది తొమ్మిదేళ్ళు. దాని మీద కథ నూటయాభై ఏళ్ళు దాటి బతుకుతోంది.

"అయితే ఏంటి? రెండొందల ఏళ్ళ కిందటి ఓడ పేరు తప్పయితే మనకొచ్చే నష్టమేంటి?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే.

మనలో ఎవరైనా బోడుప్పల్ లోనో, నాచారం వెనకాలో ప్లాటు కొనాలనుకుంటే ఏం చేస్తాం? అమ్మేవాడి డాక్యుమెంటు చూసి ఊరుకోం. అతనికి ఎవరు అమ్మారు, వాళ్ళకి ఎవరు అమ్మారు అని లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. ముప్పై ఏళ్ళ ఈసీ తీయిస్తాం. పదిమంది వచ్చి "ఆ ప్లాటు ఆయనదే సార్" అంటే నమ్మం, ఎందుకంటే ఆ పదిమందీ ఒకడు చెప్పింది విని చెప్తున్నవాళ్ళే అయ్యుండొచ్చు. చరిత్ర దగ్గరికొచ్చేసరికి మాత్రం పది చోట్ల కనిపిస్తే పది సాక్ష్యాలు అనుకుంటాం. అవి పది సాక్ష్యాలు కావు, ఒకే ఫైలుకి పది కాపీలు. మొదటి ఫైల్లో బగ్గుంటే పదింటిలోనూ ఉంటుంది. ఈరోజుల్లో కాపీ కొట్టడానికి మనిషి కూడా అక్కర్లేదు, కాబట్టి రేపు పదివేల చోట్ల ఉంటుంది.

ఇది ఓడలతో ఆగే జబ్బు కాదు. మన ఊళ్ళ పేర్లు ఎలా వచ్చాయి, ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఎవరు ఎవరిని ఓడించారు, ఏ కులం ఎక్కడినుంచి వచ్చింది, ఇవన్నీ మనం ఫార్వర్డులుగా పంపుకుంటున్నవే. వాటి మీద కొట్టుకుంటున్నాం కూడా. ఎక్కడో సముద్రంలో ఓడ కథకి ఎవరి మనోభావాలూ దెబ్బతినవు కాబట్టి, లింకు డాక్యుమెంట్లు అడిగే అలవాటు అక్కడ చేసుకోవడం తేలిక.

ఇంకో విషయం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. 1808 పోరాటంలో హార్డింజ్ చనిపోయాక సాన్ ఫియొరెంజో పగ్గాలు పట్టిన డాసన్ అనే అధికారి పంపిన నివేదికలో ఒక లెక్క ఉంది. పీమోంతేజ్ మీద 366 మంది ఫ్రెంచివాళ్ళు, వాళ్ళు కాక దాదాపు 200 మంది లస్కర్లు. లస్కర్లంటే మన వైపు సముద్రాల్లో ఓడల మీద పనిచేసే ఆసియా నావికులు. ఆ ఓడ తెరచాపలు లాగింది వాళ్ళే. అటు ఫిరంగులు పేలుతుంటే ఇటు తాళ్ళు లాగుతున్న ఆ రెండొందల మందిలో ఒక్కడి పేరూ ఆ నివేదికలో లేదు. 366 అని కచ్చితంగా రాసిన చెయ్యి, వీళ్ళ దగ్గర కొచ్చేసరికి 'దాదాపు' అనేసింది.

లాంబ్టన్ థియొడొలైట్ దీ అదే కథ. 1808 లోనే తంజావూరు పెద్దగుడి గోపురం మీదకి దాన్ని ఎక్కిస్తుంటే తాడు తెగి, గోడకి కొట్టుకుని చక్రం వంకరపోయింది. లాంబ్టన్ ఆరు వారాలపాటు కూర్చుని దాన్ని తన చేతుల్తో బాగుచేశాడని పుస్తకాలన్నీ మెచ్చుకుంటాయి. మెచ్చుకోవాల్సిందే. మరి అర టన్ను బరువుని ఆ గోపురం దాకా, అంతకుముందు కొండల మీదకి, తరవాత మన తెలుగు నేల మీదుగా బీదరు దాకా మోసినవాళ్ళు? 1815 లో బీదరు దగ్గర డామర్‌గిద్దలో గీత కొలిచారు. 1818 చివర్లో జార్జ్ ఎవరెస్ట్ వచ్చి లాంబ్టన్ దగ్గర చేరింది మన హైదరాబాదులోనే. 1819 లో కృష్ణా గోదావరి మధ్య అడవుల్లో ఎవరెస్ట్ బృందమంతా జ్వరాలతో పడిపోయింది. లాంబ్టన్ 1823 జనవరి లో నాగపూర్ దారిలో హింగన్‌ఘాట్ దగ్గర పోయాడు. జెండాలు పట్టుకుని కొండల మీద నిలబడ్డ కలాసీల పేర్లు మాత్రం ఈ కథల్లో ఎక్కడా తగలవు.

మ్యాపుల మీద పనిచేసేవాళ్ళకి 'ఎవరెస్ట్ 1830' అన్న పేరు డ్రాప్‌డౌన్ లో కనిపించే ఉంటుంది. భూమి ఆకారానికి ఎవరెస్ట్ కట్టిన లెక్క అది. దాని వెనకున్న కొలతల్లో ఈ థియొడొలైట్ చూసిన కోణాలు ఉన్నాయి. ఆ కొలతలని తరవాతి తరాలు మళ్ళీ మళ్ళీ సరిచూశాయి, దిద్దాయి, జీపీఎస్ వచ్చాక వేరే లెక్కకి మారాయి. ఎవరూ అవమానంగా అనుకోలేదు. కొలత తప్పయితే దిద్దుకోవడమే ఆ వృత్తి మర్యాద. ఆ మర్యాద కథలకి కూడా ఇస్తే ఏం పోతుంది? లాంబ్టన్ గొప్పతనం ఒక్క అంగుళం కూడా తగ్గదు. ఫ్రెంచివాడి ఉత్తరం లేకపోయినా బెంగుళూరు దగ్గర తేడా నాలుగంగుళాల లోపే కదా.

ఈసారి ఎక్కడైనా ఈ కథ చదివితే, కింద రెండే రెండు తేదీలు రాసిపెట్టండి: పని మొదలైంది 1802, ఓడ నీళ్ళలోకి దిగింది 1804. వాదన అక్కర్లేదు. ఈలోగా మీ ఊరి గురించి మీరు చిన్నప్పట్నుంచి వింటున్న కథకి లింకు డాక్యుమెంట్లు ఎంత వెనక్కి దొరుకుతాయో ఒకసారి లాగి చూడండి. ఏం దొరికిందో చెప్తే వినాలని ఉంది.